రెండే అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన జెస్సీ మార్ష్ చాంపియన్స్ లీగ్ దాకా ఎలా వెళ్లాడు?

అడిగిన ప్రశ్న ఇదీ: "జెస్సీ మార్ష్ అమెరికా ఫుట్‌బాల్ జట్టుకు ఆడింది రెండే మ్యాచ్‌లు. అలాంటి ఆటగాడు సాల్జ్‌బర్గ్ (ఆస్ట్రియా), లైప్‌జిగ్ (జర్మనీ), లీడ్స్ (ఇంగ్లండ్), ఇప్పుడు కెనడా... ఇన్ని పెద్ద జట్లకు కోచ్ ఎలా అయ్యాడు? టాలెంటా, పరిచయాలా? మధ్యలో ఎందుకు తీసేశారు? అతని పని ఏమిటో తెలియాలంటే ఏ మ్యాచ్ చూడాలి?"

ముందు నా సంగతి చెప్పేస్తాను, ఆ తర్వాత నా మాటను ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం. న్యూజెర్సీకి వచ్చి 18 ఏళ్లయింది. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు మా ఊరి పిల్లల జట్టుకు కోచింగ్. మార్ష్ న్యూయార్క్ రెడ్‌బుల్స్‌కు కోచ్‌గా ఉన్న మూడున్నరేళ్లలో హారిసన్ స్టేడియానికి పాథ్ రైల్లో ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. అందుకని నా అభిమానం కొంత కలిసే ఉంటుంది, ఆ మేరకు తగ్గించుకుని చదవండి. ఇక్కడివాళ్లు సాకర్ అంటారు, మనం ఫుట్‌బాల్ అంటాం. నేను రెండూ కలిపేస్తాను, ఏమీ అనుకోకండి.

టాలెంటా, పరిచయాలా అంటే రెండూ ఉన్నాయి. కానీ చాలామంది చూడనిది ఇంకోటుంది. ఆట మానేశాక ఇతను కోచింగ్‌ను కొత్త వృత్తిగా అ ఆల దగ్గర్నుంచి నేర్చుకున్నాడు. నేర్చుకున్నది ఒకే ఒక్క పద్ధతి, కానీ లోతుగా నేర్చుకున్నాడు. ఆ పద్ధతికి తగిన కుర్రాళ్లు దొరికిన చోట కప్పులు కొట్టాడు. దొరకని చోట ఏడాది తిరక్కుండానే బయటికొచ్చాడు.

ఇక మొదటి నుంచి వద్దాం. 1973లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్‌లో పుట్టాడు. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీల ఊరు అది. తండ్రి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. కొడుకు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో చరిత్ర చదివాడు. అక్కడ జట్టు కోచ్ పేరు బాబ్ బ్రాడ్లీ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ఇకమీద పదిహేనేళ్ల పాటు మార్ష్ జీవితంలో ప్రతి మలుపులోనూ ఈ మనిషే కనిపిస్తాడు.

అమెరికాలో మేజర్ లీగ్ సాకర్ (ఎమ్‌ఎల్‌ఎస్) మొదలైంది 1996లో. ఆ ఏడాదే డీసీ యునైటెడ్ మార్ష్‌ను కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్‌లో తీసుకుంది. అక్కడ అసిస్టెంట్ కోచ్ ఎవరు? బ్రాడ్లీనే. డీసీ 1996, 1997 రెండేళ్లూ లీగ్ కప్ గెలిచింది. మార్ష్ మాత్రం ఎక్కువ భాగం బెంచీ మీదే కూర్చున్నాడు. 1998లో షికాగో ఫైర్ అనే కొత్త జట్టు వచ్చింది. దానికి హెడ్ కోచ్ బ్రాడ్లీ. వెంటనే మార్ష్‌ను షికాగోకు రప్పించుకున్నాడు. మొదటి సీజన్‌లోనే ఆ జట్టు ఫైనల్లో డీసీనే 2-0తో ఓడించింది, యూఎస్ ఓపెన్ కప్ కూడా పట్టుకుపోయింది.

ఆ షికాగో డ్రెస్సింగ్ రూమ్ గురించి కాస్త ఆగి చెప్పాలి. పీటర్ నోవాక్, క్రిస్ ఆర్మస్, జాష్ వుల్ఫ్, ఫ్రాంక్ క్లోపాస్, మార్ష్ అందరూ అక్కడ ఆడినవాళ్లే. తర్వాత అందరూ ఎమ్‌ఎల్‌ఎస్‌లో హెడ్ కోచ్‌లయ్యారు. కొన్నేళ్లకు అదే జట్టులో చేరిన జిమ్ కర్టిన్ కూడా ఫిలడెల్ఫియా యూనియన్‌కు కోచ్ అయ్యాడు. ఒకే గదిలోంచి ఇంతమంది రావడం ఊరికే జరగదు. బ్రాడ్లీ "ఇలా పరిగెత్తు" అని చెప్పి ఊరుకునే రకం కాదు, ఎందుకు పరిగెత్తాలో ఆటగాడి చేతే చెప్పించే రకం. మార్ష్‌కు వేగం లేదు, మెరుపులాంటి డ్రిబ్లింగ్ లేదు. సెంట్రల్ మిడ్‌ఫీల్డ్‌లో నిలబడి ఎదుటివాడి కాళ్లు, పక్కవాడి తప్పులు రెండూ చూసుకుంటూ ఉండటమే అతని పని. ఏ కష్టం లేకుండా నడవగలిగే గొప్ప ఆటగాడికి నడక ఎలాగో చెప్పడం చేతకాదు. కష్టపడి నిలదొక్కుకున్నవాడికి ప్రతి అడుగూ గుర్తుంటుంది.

షికాగోలో ఎనిమిది సీజన్లు, ఆ తర్వాత 2006 నుంచి 2009 దాకా లాస్ ఏంజెలెస్‌లోని చివాస్ యూఎస్‌ఏలో నాలుగు. చివాస్‌లో అడుగుపెట్టేటప్పటికి అక్కడా కోచ్ బ్రాడ్లీయే, మీరు ఊహించే ఉంటారు. మొత్తం 321 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. ఆటగాడిగా ప్రపంచమంతా ఇతని పేరు విన్నది ఒక్కసారే, అదీ గోల్ వేసి కాదు. 2007 ఆగస్టులో అదే ఊరి జట్టు గెలాక్సీతో మ్యాచ్‌లో బంతి కోసం వెళ్తే కాలు ఆ జట్టు ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్‌కు తగిలింది. బెక్‌హామ్ లేచి మీదకొచ్చాడు, రెండు జట్లూ తోపులాటకు దిగాయి. చివాస్ ఆ మ్యాచ్ 3-0తో గెలిచిందని ఎవరికీ గుర్తులేదు, తన్నిన సంగతే గుర్తుంది.

2010లో ఆట మానేశాడు. అప్పటికి అమెరికా జాతీయ జట్టు కోచ్ బ్రాడ్లీ. మార్ష్ అసిస్టెంట్‌గా చేరి దక్షిణాఫ్రికా ప్రపంచకప్‌కు వెళ్లాడు. "చూశారా, అంతా పరిచయాలే" అంటారు మీరు. నిజమే. ఇక్కడివరకు పరిచయమే. కానీ 2011 జులైలో బ్రాడ్లీని తీసేశారు, ఆ నీడ పోయింది. ఆ తర్వాత జరిగిందే అసలు కథ.

2012లో లీగ్‌లోకి కొత్తగా వచ్చిన మాంట్రియల్ ఇంపాక్ట్‌కు హెడ్ కోచ్. అలెస్సాండ్రో నెస్టా, మార్కో డి వాయో లాంటి ఇటలీ దిగ్గజాలు కెరీర్ చివర్లో వచ్చి చేరిన జట్టు. 12 గెలుపులు, 16 ఓటములు, 6 డ్రాలు. కొత్త జట్టుకు ఇది చెడ్డ లెక్కేమీ కాదు. అయినా యాజమాన్యంతో ఆలోచనలు కుదరక సీజన్ అయిపోగానే విడిపోయారు.

మీరైతే ఏం చేస్తారు? నేనైతే మర్నాడే రెజ్యూమె బయటికి తీస్తాను. ఇతను భార్యతో, ముగ్గురు పిల్లలతో వీపుకు సంచులు తగిలించుకుని ఆరు నెలల పాటు 32 దేశాలు తిరిగాడు. బడికెళ్లే పిల్లల్ని మాన్పించి మరీ! మా ఇంట్లో నేనీ మాట ఎత్తితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తిరిగొచ్చాక ప్రిన్స్‌టన్‌లో తను ఆడిన కాలేజీ జట్టుకే జీతం లేని అసిస్టెంట్‌గా చేరాడు. పై స్థాయి లీగ్‌లో హెడ్ కోచ్‌గా చేసినవాడు కాలేజీ పిల్లల దగ్గర కోన్లు సర్దడానికి సిద్ధపడ్డాడంటే, నాకు అతని మీద గౌరవం అక్కడే మొదలైంది.

2015 జనవరిలో రెడ్‌బుల్స్ పిలుపు వచ్చింది. అది పూలదారి కాదు. క్లబ్‌కు 2013లో మొదటి పెద్ద ట్రోఫీ తెచ్చిపెట్టిన మైక్ పెట్కీని పంపించేసి ఇతన్ని తెచ్చారు. పెట్కీ మా జెర్సీలో ఆడిన మనిషి, మాకు సొంత పిల్లాడి లెక్క. సీజన్ టికెట్ ఉన్నవాళ్లతో క్లబ్ ఒక సభ పెడితే జనం మామూలుగా అరవలేదు. నేను వెళ్లలేదు కానీ వీడియో చూశాను. మార్ష్ ముఖంలో టెన్షన్ కనిపిస్తూనే ఉంది, అయినా కుర్చీలోంచి లేవలేదు. నేనూ అప్పుడు తిట్టుకున్నవాళ్లలో ఒకణ్నే. దాచుకోవడం దేనికి.

తియరీ ఆన్రీ రిటైరయ్యాడు, టిమ్ కేహిల్ వెళ్లిపోయాడు. పెద్ద పేర్లు లేని జట్టుతో ఆ ఏడాది లీగ్ పట్టికలో అందరికన్నా పైన నిలిచి సపోర్టర్స్ షీల్డ్ గెలిచాడు, లీగ్‌లో ఉత్తమ కోచ్ అవార్డూ అతనికే. న్యూయార్క్, సాల్జ్‌బర్గ్, లైప్‌జిగ్ మూడు జట్లూ రెడ్‌బుల్ అనే ఒకే కంపెనీవి. ఇక్కడే అతనికి ఆ రెడ్‌బుల్ పద్ధతి ఒంటబట్టింది.

ఆ పద్ధతేమిటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. దీని వెనకున్న మేధావి జర్మన్ కోచ్ రాల్ఫ్ రాంగ్నిక్. బంతి పోయిందా, వెనక్కి పరిగెత్తి గోల్ కాపాడుకోవడం మామూలు జట్ల పని. వీళ్లు వెనక్కి పోరు. పోయిన చోటే, పోయిన క్షణమే ముగ్గురు నలుగురు కలిసి మీదపడతారు. ఎనిమిది సెకన్లలో బంతి తిరిగి గుంజుకోవాలి, దొరికాక పది సెకన్లలో గోల్ మీదికి కొట్టాలి. ఎదుటి జట్టు అప్పుడే దాడికని విడిపోయి ఉంటుంది కాబట్టి గోల్‌కు దారి దగ్గర. కబడ్డీ చూసినవాళ్లకు ఇది సులువుగా పడుతుంది: రైడర్ గీత వైపు తిరిగే లోపే గొలుసు మూసేయాలి. ఒక్కడు ఆలస్యమైతే చాలు, గొలుసు తెగుతుంది, వెనక మైదానమంతా ఖాళీ.

ఒకసారి ఉత్సాహం కొద్దీ నేను కూడా ఈ ఎనిమిది సెకన్ల లెక్కను మా పదకొండేళ్ల పిల్లల మీద ప్రయోగించాను. చేతిలో స్టాప్‌వాచ్, నోట్లో విజిల్. జులై ఎండ. మొదటి పావుగంట అద్భుతం, ఎదుటి జట్టుకు ఊపిరాడలేదు. హాఫ్‌టైమ్‌కు మావాళ్లలో సగం మంది గడ్డిమీద పడుకున్నారు. 5-1తో ఓడాం. ఒక పిల్లాడి అమ్మమ్మ, గుంటూరు నుంచి చూడ్డానికి వచ్చిన పెద్దావిడ, "ఏం నాయనా, పిల్లల్ని అలా తోలుతావేంటి?" అని అడిగింది. లీడ్స్ గురించి తర్వాత చదువుతుంటే నాకు ఆవిడ ముఖమే గుర్తొచ్చేది.

మళ్లీ మార్ష్ దగ్గరికి. రెడ్‌బుల్స్‌లో అతను చేసిన ఇంకో పని టైలర్ ఆడమ్స్. క్లబ్ అకాడమీ కుర్రాడు, పదహారేళ్లప్పుడే చెల్సీతో జరిగిన ఫ్రెండ్లీలో గోల్ వేశాడు. 2017 ముందు కెప్టెన్ డాక్స్ మెకార్టీని అమ్మేసి ఆ చోటును ఈ కుర్రాడికి అప్పగించారు. మళ్లీ జనం గోల, మళ్లీ నేనూ. కానీ ఆడమ్స్ తర్వాత లైప్‌జిగ్ వెళ్లాడు, లీడ్స్ వెళ్లాడు, 2022 ప్రపంచకప్‌లో అమెరికా కెప్టెన్ అయ్యాడు. ఆ లెక్కన మార్షే కరెక్టు. 2018లో ఈ జట్టు ఉత్తర, మధ్య అమెరికా క్లబ్బుల టోర్నీ కాన్‌కకాఫ్ చాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది.

ఇంకో చిన్న విషయం, కోచ్ కావాలనుకునేవాళ్లకు ఇది ముఖ్యం. అమెరికాలో సంపాదించిన కోచింగ్ లైసెన్స్ అప్పట్లో యూరప్‌లో చెల్లేది కాదు. అందుకని మార్ష్ న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తూనే స్కాట్లాండ్ సంఘం నడిపే యూఈఎఫ్‌ఏ (యూరప్ ఫుట్‌బాల్ సంఘం) ప్రో లైసెన్స్ కోర్సు చేశాడు. మధ్యలో జర్మన్ నేర్చుకున్నాడు. 2018 జులైలో, సీజన్ మధ్యలో, మంచి స్థానంలో ఉన్న హెడ్ కోచ్ కుర్చీ వదిలేసి లైప్‌జిగ్‌లో రాంగ్నిక్ కింద అసిస్టెంట్‌గా చేరాడు. ఆ ఏడాది షీల్డ్‌ను అతని కుర్చీలోకి వచ్చిన పాత స్నేహితుడు ఆర్మస్ గెలిచాడు. 44 ఏళ్ల వయసులో ఒక మెట్టు కిందికి దిగడం ఎంతమందికి మనసొప్పుతుంది చెప్పండి.

2019లో ఆస్ట్రియాలోని రెడ్‌బుల్ సాల్జ్‌బర్గ్‌కు హెడ్ కోచ్. అక్కడి అభిమానులకు లైప్‌జిగ్ అంటేనే పడదు, పైగా అమెరికన్. "మార్ష్ వద్దు" అని బ్యానర్ కట్టారు. ఎక్కడికెళ్లినా మొదట తిట్లే, ఏం జాతకమో! రెండు సీజన్లు ఉన్నాడు, రెండుసార్లూ లీగూ కప్పూ రెండూ గెలిచాడు. అప్పటి జట్టులో ఎర్లింగ్ హాలండ్, మినమినో, హ్వాంగ్ హీ-చాన్, డొమినిక్ సోబోస్లాయ్, ప్యాట్సన్ డాకా ఉన్నారు. హాలండ్‌కు అప్పుడు 19 ఏళ్లు. యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్‌లో మొదటి మ్యాచ్‌లోనే బెల్జియం జట్టు హెంక్ మీద 6-2, అందులో హాలండ్ హ్యాట్రిక్. ఆరు నెలలకోసారి మంచి ఆటగాణ్ని పెద్ద క్లబ్ ఎత్తుకుపోతుంటే మిగిలినవాళ్లతో గెలిచాడు. ఆస్ట్రియా లీగ్‌లో సాల్జ్‌బర్గ్‌తో పోటీపడగల డబ్బు ఇంకెవరి దగ్గరా లేదు కదా అంటారా, ఆ మాటా ఒప్పుకుంటాను.

2021లో లైప్‌జిగ్ కోచ్ యూలియాన్ నాగెల్స్‌మాన్ బయెర్న్ మ్యూనిక్‌కు వెళ్లగానే లైప్‌జిగ్ ఇతన్ని పిలిచింది. నా దృష్టిలో ఇది ఒప్పుకోకూడని ఉద్యోగం. బంతిని తమ దగ్గర ఉంచుకుని నిదానంగా ఆడటం నాగెల్స్‌మాన్ దగ్గర అలవాటైన జట్టు అది. వాళ్లను మళ్లీ పాత పరుగులాటకు తిప్పాలని చూశాడు. సాల్జ్‌బర్గ్ కుర్రాళ్లు చెప్పింది చేస్తారు, ఎందుకంటే వాళ్లకింకా ఏదీ అలవాటు కాలేదు. చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడి వచ్చినవాళ్లు "ఎందుకు?" అని అడుగుతారు. డిసెంబర్ 5న విడిపోయేటప్పటికి జట్టు 11వ స్థానంలో ఉంది. తర్వాత వచ్చిన డొమెనికో టెడెస్కో అదే జట్టుతో ఆ సీజన్‌లోనే జర్మన్ కప్ గెలిచాడు. అంతకన్నా చేదు ఇంకేముంటుంది.

లీడ్స్ సంగతి వేరు. 2022 ఫిబ్రవరిలో ఆ జట్టు ఐదు మ్యాచ్‌ల్లో 20 గోల్స్ ఇచ్చింది. ఊరంతా దేవుడిలా చూసుకునే మార్సెలో బియెల్సాను తీసేసి, గుడి ఖాళీ చేయించి, పూజారి కుర్చీలో మార్ష్‌ను కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ తెలియని అమెరికన్ కోచ్ ఇంగ్లండ్ వచ్చే టీవీ కామెడీ సీరియల్ ఒకటి బాగా ఆడుతోంది. పత్రికలవాళ్లకు ఇంకేం కావాలి. బ్రాడ్లీ కూడా 2016లో స్వాన్సీ కోచ్‌గా ఇదే ఎగతాళి పడ్డాడు, 11 మ్యాచ్‌లకే ఇంటికి పంపారు. పైగా మార్ష్ ఆటగాళ్లకు మదర్ థెరిసా, గాంధీ మాటలు చెబుతానని ప్రెస్‌మీట్‌లో తనే అన్నాడు. మనకైతే మామూలే, బడి గోడ మీద రోజూ చూసినవే. అక్కడ మాత్రం వారం పాటు నవ్వుకున్నారు.

నవ్వు పక్కనపెట్టి లెక్క చూడండి. బియెల్సా 26 మ్యాచ్‌ల్లో 23 పాయింట్లు వదిలి వెళ్లాడు. మార్ష్ 12 మ్యాచ్‌ల్లో 15 తెచ్చాడు. చివరి రోజు లీడ్స్, బర్న్‌లీ చెరి 35 పాయింట్ల మీద ఉన్నాయి, గోల్స్ తేడాలో లీడ్స్ వెనక. బ్రెంట్‌ఫర్డ్‌లో 2-1తో గెలిచింది, అక్కడ బర్న్‌లీ ఓడింది. లీడ్స్ కింది డివిజన్‌కు పడకుండా నిలబడింది. లీడ్స్ ఆటగాడు రఫీన్యా మోకాళ్ల మీద మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు.

తర్వాతి సీజన్ తేలిపోయింది. ఆగస్టులో చెల్సీ మీద 3-0, అక్టోబర్‌లో ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ మీద 2-1, మిగతా రోజుల్లో నీరసం. జట్టునంతా మధ్యలో ఇరికించి ఆడిస్తాడు, రెండు పక్కలా ఖాళీ. ప్రీమియర్ లీగ్‌లో పక్కల నుంచి దూసుకొచ్చే వింగర్లు ఆ ఖాళీ వదులుతారా? వరుసగా ఏడు లీగ్ మ్యాచ్‌లు గెలవక 2023 ఫిబ్రవరి 6న తీసేశారు. ఆ ఏడాది లీడ్స్ కింది డివిజన్‌కు పడిపోయింది. ముగ్గురు అమెరికన్లను తెచ్చి జట్టు పాడుచేశాడని ఇప్పటికీ తిడతారు కానీ నాకు అది అన్యాయం అనిపిస్తుంది. ఆడమ్స్ అక్కడ ఉన్నన్నాళ్లూ బాగానే ఆడాడు. తప్పు ఆటగాళ్ల పాస్‌పోర్టుల్లో లేదు, ఆ ఖాళీ వింగుల్లో ఉంది.

2023లో అమెరికా జాతీయ జట్టు ఉద్యోగం వస్తుందని ఎదురుచూశాడు. మళ్లీ పాత కోచ్ గ్రెగ్ బెర్హాల్టర్‌కే ఇచ్చారు. ఆ వ్యవహారం నడిచిన తీరు మీద మార్ష్ తన అసంతృప్తిని దాచుకోలేదు. 2024 మేలో పక్క దేశం కెనడా పిలిచింది. వాళ్ల సంఘం దగ్గర డబ్బుల్లేవు, మూడు కెనడా ఎమ్‌ఎల్‌ఎస్ క్లబ్బులు, కొందరు దాతలు కలిసి జీతానికి సాయం పట్టారు. రెండు నెలల్లో దక్షిణ అమెరికా దేశాల టోర్నీ కోపా అమెరికాలో, అతిథిగా ఆడిన కెనడాను సెమీఫైనల్‌కు తీసుకెళ్లాడు. అదే టోర్నీలో సొంతగడ్డ మీద అమెరికా గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టింది, బెర్హాల్టర్ ఉద్యోగం పోయింది. సెప్టెంబర్‌లో కెనడా కాన్సస్ సిటీలో అమెరికాను 2-1తో ఓడించింది. అమెరికా గడ్డ మీద కెనడా గెలవడం 1957 తర్వాత అదే మొదటిసారి. కెనడాను 51వ రాష్ట్రం చేస్తామన్న మాటలు వచ్చినప్పుడు, అమెరికన్ అయ్యుండి కూడా ఆ మాటలు ఆపమని మీడియా ముందే అన్నాడు.

అక్కడ ఎందుకు కుదిరింది? సాల్జ్‌బర్గ్‌లో కుదిరిన కారణమే. అల్ఫాన్సో డేవిస్ లాంటి పరుగు వీరులు, ఆకలి మీదున్న కుర్రాళ్లు. జాతీయ జట్టుకు శిక్షణ రోజులు తక్కువ కాబట్టి పది పద్ధతులు నేర్పే టైమ్ ఉండదు, ఒకటి గట్టిగా నేర్పితే చాలు. అలాగని అంతా సాఫీగా లేదు. 2025 గోల్డ్ కప్ క్వార్టర్‌ఫైనల్లో గ్వాటెమాలా చేతిలో పెనాల్టీల్లో ఓడారు. అంతకుముందు మార్చిలో నేషన్స్ లీగ్ మూడో స్థానం మ్యాచ్‌లో అమెరికా మీద గెలిచారు కానీ మార్ష్ రిఫరీతో గొడవపడి రెడ్ కార్డు తిన్నాడు. ఆ నోరు మాత్రం బెక్‌హామ్ రోజుల నుంచీ అంతే.

ఇక ఏ మ్యాచ్ చూడాలంటే, 2019 అక్టోబర్ 2, ఆన్‌ఫీల్డ్, లివర్‌పూల్‌తో సాల్జ్‌బర్గ్. 36 నిమిషాలకే లివర్‌పూల్ 3-0తో ముందుంది. ఆ తర్వాత మూడు నిమిషాలకు హ్వాంగ్ లివర్‌పూల్ డిఫెండర్ వాన్ డైక్‌ను పక్కకు తిప్పి ఒకటి కొట్టాడు. హాఫ్‌టైమ్‌లో మార్ష్ మాట్లాడిన వీడియో తర్వాత బయటికొచ్చింది. సగం జర్మన్, సగం ఇంగ్లిష్, మధ్యలో బూతులు. ఇప్పటికి ఎన్ని ఫౌల్స్ చేశాం, రెండా అని అడుగుతాడు. ఇదేం ఫ్రెండ్లీ మ్యాచ్ కాదంటాడు. వాళ్లమీద గౌరవం ఎక్కువైపోయిందని అరుస్తాడు. వ్యాకరణం ముక్కలు ముక్కలు, కానీ గదిలో ఒక్కడూ తల తిప్పడు. 56వ నిమిషంలో మినమినో, 60వ నిమిషంలో అప్పుడే దిగిన హాలండ్. 3-3. చివరికి లివర్‌పూల్ ఆటగాడు సలా కొట్టిన గోల్‌తో సాల్జ్‌బర్గ్ 4-3తో ఓడిపోయింది.

రెండోసారి చూసేటప్పుడు బంతిని వదిలేయండి. సాల్జ్‌బర్గ్ బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ దానికి దగ్గర్లో ఉన్న ముగ్గురి కాళ్లు ఏ వైపు తిరుగుతున్నాయో చూడండి. మొదటి అరగంటలో వెనక్కి తిరుగుతాయి. హాఫ్‌టైమ్ తర్వాత ముందుకు తిరుగుతాయి. అది పట్టుకున్నాక 2024 కోపా సెమీఫైనల్, కెనడా అర్జెంటీనా మ్యాచ్ పెట్టుకోండి. అది మా ఇంటికి దగ్గర్లోని మెట్‌లైఫ్ స్టేడియంలోనే జరిగింది. 2-0తో ఓడారు, మెస్సీ ఒక గోల్ వేశాడు. అక్కడా ఆ కాళ్లే చూడండి.